కాథెటర్ల మీద నీటిని ఆకర్షించే పూతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం పట్టణాల్లోనూ వాటి చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉంటున్న తెలుగు కుటుంబాల కోసం ఈ ప్రశ్నోత్తరాలను సిద్ధం చేశాం. ఇక్కడి రోగికి వార్డులో ఒడియా వినిపిస్తుంది, డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో వస్తుంది, సందేహాలు మాత్రం ఇంటికి చేరాక తెలుగులో మొదలవుతాయి. పెద్ద ఆపరేషన్ అయితే విశాఖపట్నం వెళ్ళి, యూరిన్ పైపుతోనో డయాలసిస్ గొట్టంతోనో తిరిగి వచ్చేవారు చాలామంది ఉన్నారు. మందుల దుకాణంలో "కోటింగ్ ఉన్నది ఇవ్వమంటారా, మామూలుది చాలా?" అని అడిగినప్పుడు ఏది ఎందుకో తెలిసి జవాబు చెప్పగలగడానికి ఈ సమాచారం ఉపయోగపడుతుంది. ఏ గొట్టం వాడాలి, ఎప్పుడు మార్చాలి అన్న నిర్ణయం చికిత్స చేస్తున్న వైద్యులదే.

నీటిని ఆకర్షించే పూత అంటే ఏమిటి?

శరీరంలో పెట్టే గొట్టాలను (వీటినే కాథెటర్లు అంటారు) ఎక్కువగా సిలికోన్, లేటెక్స్, పీవీసీ, పాలీయూరిథేన్ వంటి పదార్థాలతో చేస్తారు. ఇవి మెత్తగా, వంగే గుణంతో ఉంటాయి గానీ నీటితో వీటికి అంతగా పొసగదు. సిలికోన్ మీద నీటిబొట్టు వేస్తే అది పరుచుకోకుండా గుండ్రంగా నిలుస్తుంది. బొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణం దాదాపు 110 డిగ్రీలు ఉంటుంది. ఈ కోణం 90 డిగ్రీలకన్నా తక్కువైతే ఆ ఉపరితలం నీటిని ఆకర్షిస్తుందని, ఎక్కువైతే వికర్షిస్తుందని అంటారు. గొట్టం మీద పాలీవినైల్ పైరోలిడోన్, పాలీఇథిలీన్ గ్లైకాల్, హైలురోనిక్ ఆమ్లం వంటి పాలిమర్లను (పొడవైన గొలుసుల్లాంటి అణువులను) పలుచగా అంటించినప్పుడు అవి నీటిని పీల్చుకుని ఉబ్బి, గొట్టానికి తడి పొర ఒకటి ఏర్పరుస్తాయి. పూత రకాన్ని బట్టి దాని మందం కొన్ని నానోమీటర్ల నుంచి కొన్ని పదుల మైక్రోమీటర్ల దాకా ఉండవచ్చు.

చేమాకు మీద నీరు నిలవదు, మురికీ అంటదు. అలా నీటిని తరిమే పూత వేయకుండా నీటిని పిలిచే పూత వేయడం ఎందుకు?

ఇది చాలా మంచి ప్రశ్న. నీటిని తరిమే ఉపరితలం గాలిలో ఉన్నంతసేపు శుభ్రంగా ఉండవచ్చు. కానీ మూత్రాశయంలోనో రక్తనాళంలోనో ఉన్న గొట్టం రాత్రింబవళ్ళు ద్రవంలో మునిగే ఉంటుంది. చేమాకును కాపాడే సన్నని గాలి పొర అక్కడ ఎంతోసేపు నిలవదు. గాలి పోయాక మిగిలేది నీరంటే గిట్టని ఉపరితలం. రక్తంలో, మూత్రంలో ఉండే ప్రోటీన్లలోనూ నీరంటే గిట్టని భాగాలుంటాయి కనుక అవి ఆ ఉపరితలాన్ని వెతుక్కుని వచ్చినట్టుగా అతుక్కుంటాయి.

గొట్టం శరీరంలోకి వెళ్ళిన క్షణాల్లోనే ఈ అతుకుడు మొదలవుతుంది. ఫైబ్రినోజెన్, ఫైబ్రోనెక్టిన్ వంటి ప్రోటీన్లు ముందుగా ఒక పొరగా పరుచుకుంటాయి. స్టఫైలోకాకస్ వంటి సూక్ష్మజీవుల పై పొరలో సరిగ్గా ఈ ప్రోటీన్లనే పట్టుకునే అణువులు ఉంటాయి. అంటే సూక్ష్మజీవి చాలా సందర్భాల్లో ప్లాస్టిక్‌ను నేరుగా పట్టుకోదు, ప్లాస్టిక్ మీద పరుచుకున్న మన ప్రోటీన్లనే పట్టుకుంటుంది. కాబట్టి ప్రోటీన్లను నిలవనీయకపోతే సూక్ష్మజీవికి మొదటి పట్టు దొరకడం కష్టమవుతుంది.

నీటిని గట్టిగా పట్టి ఉంచే పాలిమర్ చేసే పని ఇదే. ప్రోటీన్ గానీ సూక్ష్మజీవి గానీ ఉపరితలాన్ని తాకాలంటే మధ్యలో ఉన్న నీటి అణువులను పక్కకు నెట్టాలి, దానికి శక్తి ఖర్చవుతుంది. పైగా పాలీఇథిలీన్ గ్లైకాల్ వంటి పాలిమర్ల పొడవైన గొలుసులు నీటిలో నిరంతరం కదులుతూ ఉంటాయి. వాటిని అణిచిపెట్టడమంటే ఆ కదలికకున్న స్వేచ్ఛను తగ్గించడం, అది కూడా శక్తితో కూడిన పనే. ఈ రెండు అడ్డంకులూ కలిసి, వచ్చినది అతుక్కోకుండా వెనక్కి పోయే అవకాశాన్ని పెంచుతాయి.

ఇటీవలి దశాబ్దాల్లో పరిశోధకులు ఎక్కువ ఆశ పెట్టుకున్నవి జ్విట్టర్‌అయానిక్ పాలిమర్లు. వీటిలో ప్రతి చిన్న భాగంలోనూ ఒక ధనావేశం, ఒక రుణావేశం పక్కపక్కనే ఉంటాయి, మొత్తం మీద ఆవేశం సున్నా. ఆ ఆవేశాలు నీటి అణువులను మరింత బలంగా పట్టి ఉంచుతాయి. మన కణాల పై పొరలో ఉండే ఫాస్ఫోరిల్‌కోలిన్ కూడా ఈ కోవకు చెందినదే. జపాన్‌లో కజుహికో ఇషిహారా బృందం దాని ఆధారంగా చేసిన పాలిమర్లు వైద్య పరికరాల దాకా వచ్చాయి.

సూక్ష్మజీవులు అంటుకుంటే ఏమవుతుంది? యాంటీబయాటిక్‌తో పోవా?

రక్తంలో విడిగా తిరిగే సూక్ష్మజీవిని చంపడం వేరు, గొట్టానికి అంటుకుని గూడు కట్టుకున్న దానిని చంపడం వేరు. మొదట అది వదులుగా అంటుకుంటుంది. ఆ దశలో ద్రవ ప్రవాహానికి కొట్టుకుపోయే అవకాశం ఉంది. తరువాత గట్టిగా పట్టుకుని, సంఖ్య పెంచుకుని, చుట్టూ చక్కెరలు, ప్రోటీన్లు, డీఎన్‌ఏలతో కూడిన జిగురు పదార్థాన్ని విడుదల చేస్తుంది. ఈ గూటినే బయోఫిల్మ్ అంటారు. సూక్ష్మజీవులు ఇలా ఉపరితలాలకు అతుక్కుని జీవించే తీరు మీద జె. విలియం కాస్టర్టన్, ఆయన సహచరులు 1978లో రాసిన వ్యాసం తరువాత వైద్యరంగం దృష్టి దీని మీద బాగా పడింది. బయోఫిల్మ్ లోపల ఉన్న సూక్ష్మజీవులు, విడిగా ఉన్న వాటికంటే వేయి రెట్ల దాకా ఎక్కువ మోతాదు మందును తట్టుకోగలవు. అందుకే గొట్టం కారణంగా ఇన్ఫెక్షన్ సోకినప్పుడు వైద్యులు చాలాసార్లు మందుతో పాటు ఆ గొట్టాన్నే మారుస్తారు. దీన్ని అనవసరపు ఖర్చు అనుకోకూడదు.

ఈ పూత సూక్ష్మజీవులను చంపుతుందా?

చంపదు. అతుక్కోవడాన్ని కష్టతరం చేస్తుంది, ఆలస్యం చేస్తుంది, అంతే.

చంపే పూతలు వేరే ఉన్నాయి. వెండి మిశ్రమం, నైట్రోఫ్యురజోన్, క్లోర్‌హెక్సిడిన్ వంటివి అలాంటివి. వినడానికి చంపే పూతే మేలనిపిస్తుంది. అయితే బ్రిటన్‌లోని 24 ఆసుపత్రుల్లో ఏడు వేల మందికి పైగా రోగుల మీద జరిగి, 2012లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రచురితమైన పరీక్షలో, కొద్దిరోజుల పాటు పెట్టే యూరిన్ కాథెటర్లకు వెండి మిశ్రమపు పూత వేసినా రోగలక్షణాలతో కూడిన ఇన్ఫెక్షన్లు తగ్గలేదు. నైట్రోఫ్యురజోన్‌తో కనిపించిన తగ్గుదల చికిత్సలో లెక్కలోకి తీసుకోదగినంత కాదని పరిశోధకులు తేల్చారు. చంపే పూతకు మరో చిక్కు కూడా ఉంది: చచ్చిన సూక్ష్మజీవుల శిథిలాలు అక్కడే పేరుకుని, తరువాత వచ్చేవాటికి మెట్టుగా మారతాయి. మందును కొద్దికొద్దిగా వదిలే పూతలో ఆ నిల్వ అయిపోయాక ప్రభావం ఉండదు, ఆ లోపల మందును తట్టుకునే రకాలు పెరిగే ప్రమాదమూ ఉంటుంది. నీటిని పట్టి ఉంచే పూత దేనినీ చంపదు కనుక మందును తట్టుకునే రకాలు పెరిగేలా ఒత్తిడి కలిగించదు. ఈ ఒక్క కారణంతోనైనా ఈ దిశలో పరిశోధన కొనసాగవలసిందేనని మా అభిప్రాయం.

ప్యాకెట్ మీద "హైడ్రోఫిలిక్" (నీటిని ఆకర్షించేది) అని ఉంటే సూక్ష్మజీవుల నుంచి రక్షణ ఉన్నట్టేనా?

కాదు. ఈ పేజీలో ఏదైనా ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

మార్కెట్లో దొరికే హైడ్రోఫిలిక్ గొట్టాల్లో ఎక్కువ వాటికి ఆ పూత వేసింది జారుడు కోసం. మూత్రనాళంలోనో రక్తనాళంలోనో గొట్టం రాపిడి లేకుండా వెళ్ళాలన్నది దాని ఉద్దేశం. రాపిడి తగ్గితే లోపలి పొర గీసుకుపోదు, గాయం తగ్గితే సూక్ష్మజీవులకు దారి కొంత మూసుకుంటుంది, కాబట్టి పరోక్షంగా మేలు ఉంది. అయితే జారుడు పూత, అతుక్కోనివ్వని పూత ఒకటి కావు. ఒకే పాలిమర్‌ను కూడా గొలుసులు ఎంత దట్టంగా ఉన్నాయి, గొట్టానికి ఎంత గట్టిగా బంధించబడ్డాయి అన్నదాన్ని బట్టి రెండు రకాలుగా వాడవచ్చు. జారుడు పూత తరచుగా గొట్టం బయటివైపు మాత్రమే ఉంటుంది. మూత్రం ప్రవహించే లోపలి గోడకు పూత లేకపోతే, సంచి నుంచి పైకి ఎగబాకే సూక్ష్మజీవులను బయటి పూత అడ్డుకోలేదు. దుకాణదారు "కోటింగ్ ఉంది" అన్నప్పుడు ఆ కోటింగ్ దేనికోసం, ఎక్కడ ఉంది అని అడగడం కొనేవారి హక్కు.

మా నాన్నగారికి మూత్రం ఆగిపోయి ఫోలీ కాథెటర్ (మూత్రాశయంలోనే ఉంచే గొట్టం) పెట్టారు. ఖరీదైన పూత ఉన్నది పెట్టించమంటారా?

ముందు వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్న, ఆ గొట్టం ఇంకా ఎన్నాళ్ళు అవసరం అన్నది. లోపలే ఉంచే యూరిన్ కాథెటర్ వల్ల మూత్రంలో సూక్ష్మజీవులు చేరే అవకాశం రోజుకు 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతూ పోతుంది. నెల రోజులు గడిచేసరికి దాదాపు అందరి మూత్రంలోనూ అవి కనిపిస్తాయి. ఏ పూతా ఈ లెక్కను తలకిందులు చేసినట్టు నమ్మదగిన ఆధారం లేదు. ఒక రోజు ముందుగా గొట్టం తీయించగలిగితే కలిగే మేలు, పూత కోసం పెట్టే అదనపు ఖర్చుతో వచ్చే మేలుకన్నా ఎక్కువ.

తీయడం కుదరని పరిస్థితి అయితే, దీర్ఘకాలానికి లేటెక్స్ కన్నా పూర్తి సిలికోన్ గొట్టాన్ని వైద్యులు సూచించే సందర్భాలు ఎక్కువ. ప్రోటియస్ మిరాబిలిస్ అనే సూక్ష్మజీవి చేరినప్పుడు అది యూరియాను అమ్మోనియాగా మార్చి మూత్రాన్ని క్షారంగా చేస్తుంది; అప్పుడు లవణాలు స్ఫటికాలుగా పేరుకుని గొట్టం మూసుకుపోతుంది. ఈ పేరుకుపోవడాన్ని నీటిని ఆకర్షించే పూత ఒక్కటే ఆపలేదు. గొట్టం పదేపదే మూసుకుంటుంటే ఆ విషయం తప్పకుండా వైద్యుడికి చెప్పాలి. "నీళ్ళు బాగా తాగించండి" అన్న సలహా చాలామందికి సరిపోతుంది గానీ, మూత్రపిండాల జబ్బు లేదా గుండె జబ్బు ఉన్నవారికి ఎంత తాగాలో వైద్యులే చెప్పాలి.

వెన్నెముక దెబ్బ తగిలిన మా తమ్ముడు రోజుకు నాలుగైదు సార్లు తానే గొట్టం పెట్టుకుని తీసేస్తాడు. అతనికి ఈ పూత ఉపయోగపడుతుందా?

పూతకు డబ్బు పెట్టడం సమంజసమని మేము అనుకునే సందర్భం ఇదే. శుభ్రమైన చేతులతో అవసరమైనప్పుడల్లా గొట్టం పెట్టి మూత్రం తీసేసే ఈ పద్ధతిని 1972లో అమెరికా వైద్యుడు జాక్ లాపిడెస్ ప్రచారంలోకి తెచ్చారు. గొట్టం లోపల నిలిచి ఉండదు కనుక బయోఫిల్మ్‌కు సమయం దొరకదు. అయితే ఏళ్ళ తరబడి రోజూ అన్నిసార్లు పెట్టడం వల్ల మూత్రనాళం రాసుకుపోతుంది. పూత ఉన్న గొట్టాలతో ఇన్ఫెక్షన్లు, మూత్రంలో రక్తం పడడం తగ్గాయని కొన్ని విశ్లేషణలు చెప్పాయి. ఆ ఆధారాలు అంత బలంగా లేవని మరికొందరు సమీక్షకులు అన్నారు. ఒక్కసారే వాడే గొట్టాల ఖర్చు నెలకు ఎంతవుతుందో లెక్కవేసుకుని, అది భారమైతే మామూలు గొట్టం, కొత్త జెల్లీ, సబ్బుతో కడిగిన చేతులతో కొనసాగించడమే మేలు. డబ్బు ఆదా చేయడానికి రోజుకు పెట్టుకునే సార్లు తగ్గించడం మాత్రం ప్రమాదం. మూత్రాశయం నిండి సాగిపోతే ఇన్ఫెక్షన్ సులువుగా వస్తుంది.

పూతను తడపడానికి ఇంట్లో బావి నీరు, కొండ ఊట నీరు వాడవచ్చా?

వాడకూడదు. చాలా ప్యాకెట్లలో శుద్ధమైన నీటి సాచెట్ ఉంటుంది. దాన్ని నొక్కి పగలగొట్టి, ప్యాకెట్ మీద రాసినంతసేపు, సాధారణంగా 30 సెకన్లు, తడవనివ్వాలి. తడిపిన గొట్టాన్ని ఆరిపోయేదాకా ఉంచవద్దు. ఆరిన పూత జిగటగా మారి లోపలి పొరకు అంటుకుంటుంది. తడి పూతను వేళ్ళతోనో గుడ్డతోనో తుడిచినా అది పాడవుతుంది.

"99.9 శాతం సూక్ష్మజీవులను తగ్గిస్తుంది" అన్న ప్రకటనను ఎలా అర్థం చేసుకోవాలి?

పది లక్షల సూక్ష్మజీవుల్లో 99.9 శాతం పోతే ఇంకా వేయి మిగులుతాయి. ప్రయోగశాలలో మంచి పోషకాలు దొరికినప్పుడు ఈ.కోలై అనే సూక్ష్మజీవి సుమారు 20 నిమిషాలకొకసారి రెట్టింపు అవుతుంది. ఆ వేగంతో వేయి మళ్ళీ పది లక్షలు దాటడానికి పది రెట్టింపులు, అంటే 200 నిమిషాలు చాలు. మూత్రంలో ఈ వేగం తక్కువే అయినా, గొట్టం గంటల లెక్కన కాక రోజుల లెక్కన లోపల ఉంటుందని మరువకూడదు. అదీగాక ఇలాంటి అంకెలు చాలావరకు ఒక రోజు పాటు, ఒకే రకం సూక్ష్మజీవితో, రక్తమూ ప్రోటీన్లూ లేని ద్రవంలో జరిపిన పరీక్షల నుంచి వస్తాయి. ఆ పరీక్ష అబద్ధం కాదు. అది జవాబిచ్చిన ప్రశ్న రోగి అడుగుతున్న ప్రశ్న కాదు.

మా మామయ్యది ఉద్దానం. డయాలసిస్ కోసం మెడ దగ్గర గొట్టం పెట్టారు. దానికి ఇలాంటి పూత ఉంటుందా?

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు బంధువులున్న బరంపురం కుటుంబాలు ఈ ప్రశ్న తరచుగా అడుగుతాయి. కొన్ని డయాలసిస్ గొట్టాలకు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ పూతో, మరో రకం పూతో ఉంటుంది. రక్తంలో ప్రోటీన్లు మూత్రంలోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కనుక అక్కడ పూతకు పరీక్ష మరింత కఠినం. పాలీఇథిలీన్ గ్లైకాల్ శరీరంలో క్రమేణా ఆక్సీకరణకు లోనవుతుంది. నెలల తరబడి ఉండే గొట్టం మీద మొదటి రోజున్న పూతే చివరిదాకా ఉంటుందని అనుకోలేం. దీర్ఘకాలం డయాలసిస్ చేయించుకోవలసిన వారిలో చాలామందికి చేతిలో ధమనిని, సిరను కలిపి చేసే ఫిస్టులాయే ఇన్ఫెక్షన్ల విషయంలో గొట్టం కన్నా క్షేమం. అది పక్వానికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది కాబట్టి ముందుగానే వైద్యుణ్ణి అడగాలి. అంతదాకా మెడ దగ్గరి కట్టు తడవకుండా చూసుకోవాలి. చలితో జ్వరం వస్తే తరువాతి డయాలసిస్ రోజు కోసం ఆగకుండా అప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి.

కాంటాక్ట్ లెన్సులు కూడా ఇలాంటివేనా?

మెత్తని కాంటాక్ట్ లెన్సు ఈ పాలిమర్ల కుటుంబంలో అందరికీ తెలిసిన సభ్యురాలు. చెకోస్లొవేకియా రసాయన శాస్త్రవేత్తలు ఒట్టో విఖ్టర్లె, ద్రహోస్లావ్ లిమ్ నీటిని పీల్చుకునే జెల్ గురించి 1960లో ప్రకటించారు. 1961 క్రిస్మస్ వేళ విఖ్టర్లె పిల్లల బొమ్మల సామానుతో ఇంట్లోనే యంత్రం కట్టి లెన్సులు పోత పోశారు. అయితే అదే లెన్సును రాత్రి కూడా తీయకుండా పడుకుంటే సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి చేరి కంటి నల్లగుడ్డు మీద పుండు పడవచ్చు. నీటిని పట్టి ఉంచే పదార్థమైనంత మాత్రాన సూక్ష్మజీవులు దరిచేరవని అనుకోవడం ఎంత పొరపాటో దీనివల్ల తెలుస్తుంది.

పూత ఊడి శరీరంలో ఉండిపోతుందా?

అరుదుగా జరుగుతుంది. రక్తనాళాల్లో వాడే గొట్టాల, తీగల జారుడు పూత ముక్కలుగా విడిపోవచ్చని అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2015లో హెచ్చరిక జారీ చేసింది. మరీ ఇరుకైన దారిలో నెట్టడం, పూతకు సరిపడని ద్రవంలో నానబెట్టడం వంటివి దీనికి కారణాలు కావచ్చు. ఇది పూర్తిగా వైద్యబృందం చేతిలో ఉన్న విషయం.

విశాఖపట్నం నుంచి రైల్లోనో బస్సులోనో తిరిగి వచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

యూరిన్ సంచి ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి. రాయగడ వైపు రైల్లో బెర్తు పక్కనున్న కొక్కేనికి సంచి తగిలించడం మామూలే గానీ, అలా చేస్తే సంచిలోని మూత్రం వెనక్కి పారి, పూత ఎంత మంచిదైనా సూక్ష్మజీవులను లోపలికే మోసుకుపోతుంది. బయలుదేరే ముందు సంచి ఖాళీ చేయాలి. సంచిని నేలకు ఆనించవద్దు, గొట్టం కాలి కింద నలగకూడదు, గొట్టానికీ సంచికీ మధ్య అతుకును దారిలో విప్పకూడదు.

గొట్టం ఉన్న మా అమ్మకు మూత్ర పరీక్షలో సూక్ష్మజీవులు కనిపించాయి, జ్వరం లేదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా?

లక్షణాలేవీ లేకపోతే సాధారణంగా అవసరం లేదు. గర్భిణులు, మూత్రమార్గానికి ఆపరేషన్ జరగబోయేవారు ఇందుకు మినహాయింపు. జ్వరం, వణుకు, నడుము పక్క నొప్పి, పెద్దవారిలో ఉన్నట్టుండి తికమకగా మాట్లాడడం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. దుకాణంలో అడిగి మూడు రోజుల మాత్రలు తెచ్చి వేయడం వల్ల బయోఫిల్మ్ పోదు, తరువాత అసలు అవసరమైనప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చు.

ఒకసారి వాడినదాన్ని మరిగించి మళ్ళీ వాడవచ్చా?

పూత ఉన్న గొట్టాన్ని మరిగిస్తే పూత పోతుంది. ప్యాకెట్ మీద అడ్డగీత కొట్టిన 2 అంకె ఉంటే అది ఒక్కసారి వాడకానికే. ఇసుక గడియారం బొమ్మ పక్కనున్న తేదీ దాటినదాన్ని, చిరిగిన ప్యాకెట్‌ను కొనవద్దు. మే నెలలో రేకుల ఇంట్లో అటక మీద, ఎండ తగిలే కిటికీ దగ్గర వీటిని దాచవద్దు.

పరికరంలో లోపం ఉందనిపిస్తే ఎవరికి చెప్పాలి? వాడిన గొట్టాలను ఏం చేయాలి?

మన దేశంలో వైద్య పరికరాలు 2017 నాటి వైద్య పరికరాల నియమాల కిందికి వస్తాయి. పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేయడానికి 2015లో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. రోగి గానీ కుటుంబసభ్యులు గానీ చికిత్స చేసిన వైద్యుడి ద్వారా ఫిర్యాదు పంపవచ్చు. అందుకు ప్యాకెట్ మీద ఉన్న బ్యాచ్ నంబరు కావాలి కనుక గొట్టం పెట్టిన రోజునే ఆ కవరును ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోవాలి. వాడిన గొట్టాలు, యూరిన్ సంచులు ఆసుపత్రుల్లో ఎర్ర సంచిలోకి వెళ్ళాలన్నది 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమం. ఇంట్లో వాడినవాటిని ఖాళీ చేసి, మళ్ళీ ఎవరూ వాడలేకుండా కత్తిరించి, కవరులో కట్టి, తరువాత ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అక్కడి సిస్టర్‌ను అడిగి అప్పగించవచ్చు. పెరట్లో చెత్తతో కలిపి కాల్చకూడదు. పీవీసీ కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్ల వంటి విషపదార్థాలు వెలువడతాయి.